కోత గంటలో వెలిగిన దీపం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై నాలుగో ఏట. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా చదివేవాళ్లు మన్నించాలి. ఒక్క పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఈ అధ్యాయంలో జరిగేదంతా మాత్రం గంటలో జరిగిపోతుంది, ఎందుకంటే నా చేతికున్న నిదానం మీటరమ్మకు లేదు. ఇది ఆరో అధ్యాయం. ముందువి చదవకపోయినా పరవాలేదు, కావాల్సింది ఇక్కడే చెబుతాను.

*

మీటరమ్మ వచ్చేసరికి పదిన్నర దాటి ఐదు నిమిషాలైంది. వీధి చివరి స్తంభం మొదట్లో లైన్‌మన్ కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన పనిముట్ల సంచి, నడుముకు కట్టుకునే తోలు పట్టా.

"నువ్వెందుకొచ్చావు పిన్నీ? వెతకడానికి ఏం లేదని నిన్ననే చెప్పాను కదా. నాన్నని చంపింది నేనే."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. కాగితం మీద కూడా రాశారు. పన్నెండింటికి సంతకం పెడతారట."

మీటరమ్మ ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి. ఆ ముప్పై ఏళ్లలో ఆవిడ చూడని తలుపు వెనక గోడ లేదు. రిటైరయ్యాక ఎవరింట్లో ఏది మాయమైనా, ఎవరి చావు మీద ఎవరికి అనుమానం వచ్చినా ఆవిడకే కబురు పెట్టేవారు. ఈసారి కబురు పెట్టింది చనిపోయిన లైన్‌మన్ భార్య. "ఆయన ఎలాగూ రాడు. పిల్లనైనా నాకు మిగుల్చు మీటరమ్మా" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

జరిగింది ఇది. బొగ్గు రావడం లేదు, జలాశయం అడుగంటింది, అందుకని ఊరంతటికీ రోజూ పదకొండు నుంచి రెండు దాకా కరెంటు కోత. ఆ కోతల దెబ్బకే ఇరవై మిషన్లున్న కుట్టు షాపు మూడు నెలల క్రితం మూతపడింది. అక్కడ కుట్టే ఆడవాళ్లు లైన్‌మన్ కూతురిని పట్టుకున్నారు. ఆ పిల్లది సోలారు పలకలు బిగించే పని. షాపు డాబా మీద పలకలు పెట్టింది. మిషన్లు ఇక ఎండతోనే తిరుగుతాయి, సోమవారం షాపు తెరుస్తాం అనుకున్నారు. రెండు రోజులు తిరక్కముందే, షాపుకెదురుగా ఉన్న ఈ స్తంభం మీద, కోత గంటలో, కరెంటు లేని లైను పట్టుకుని లైన్‌మన్ కాలిపోయాడు.

చచ్చిన లైనులోకి కరెంటు ఎక్కడిదంటే, కూతురు పెట్టిన పలకల నుంచి వెనక్కి పారిందన్నారు.

"పలకలకి నేను పెట్టిన పెట్టె అలా చెయ్యదు పిన్నీ" అంది పిల్ల, నేలకేసి చూస్తూ. "వీధి లైను పోయిందంటే రెప్పపాటులో బయటి దారి మూసేస్తుంది. లోపల మిషన్లకిస్తుంది, బయటికి చుక్క పోనివ్వదు. మూడుసార్లు చూసుకున్నాను. కానీ నాన్న పోయాడు కదా. ఎక్కడో నేనే సరిగా బిగించి ఉండను."

"మీ నాన్న గొలుసు వెయ్యలేదా?"

"వెయ్యకుండా ఎక్కే మనిషా? ఒక కొస తీగల మీద, ఒక కొస నేలలో దిగిన మేకుకి. కరెంటు వచ్చినా మట్టిలోకి పోతుంది, మనిషి జోలికి రాదు. కింద ఒక మనిషి గొలుసుకి కాపలా ఉండాలి. తీగ ముట్టుకునే ముందు పైవాడు 'గొలుసుందా?' అంటాడు. కిందివాడు 'ఉంది, చూస్తున్నా' అంటాడు. రెండూ వినపడితేనే చెయ్యి పెట్టాలి. నాకు నడక రాకముందే నేర్పాడు ఈ మాట. ఉయ్యాల ఊపుతూ గొలుసుందా అని అడిగేవాడట."

"ఆ గొలుసు ఏది మరి?"

"దొరకలేదు. అసలు తేనే లేదని రాశారు."

"ఆ రోజు కాపలా ఎవరు?"

"ఎవరూ లేరట. సెలవులో ఉన్నవాళ్లు సెలవులో, మిగిలినవాళ్లు వేరే వీధిలో."

స్తంభం నుంచి తీగలు మూడు చోట్లకే పోతున్నాయి. ఇటు కరెంటాఫీసు, అటు కుట్టు షాపు, చివర్లో లాడ్జి. మీటరమ్మ తల ఎత్తి ఆ మూడింటినీ వరసగా చూసింది. మళ్లీ ఒకసారి చూసింది.

"ఆ పట్టా ఎందుకు తెచ్చుకున్నావు?"

"పలకల తీగ స్తంభం మీద నుంచి తీసెయ్యమన్నారు. నాన్నతో పనిచేసినవాళ్లెవరూ ఈ స్తంభం ఎక్కం అంటున్నారు, భయం. నేను పెట్టిన తీగ, నేనే తీస్తాను."

"ఎవరు తీయమన్నారు?"

"నేనన్నాను" అంది వెనక నుంచి ఒక గొంతు.

కరెంటాఫీసు విచారణాధికారి గేటు దాటి వస్తున్నాడు. ఎండలోనూ నీడలోనూ నల్లద్దాలు తియ్యడు కనక వీధిలో అందరికీ నల్లద్దాలాయనే.

"రిటైరైనా అలవాటు పోలేదన్నమాట. ఏం మీటరమ్మ గారూ, ఈ స్తంభానికి మీటరు లేదే, ఏం చూస్తున్నారు?"

"మీటరు లేని చోటే చూడాల్సింది ఎక్కువ బాబూ. గొలుసు తేలేదని ఎలా రాశారు?"

"ఉంటే దొరికేది."

"పోయిన నెల నా చెప్పు దొరకలేదు. నేను ఒంటికాలితో పుట్టానని రాస్తారా?"

ఆయన నవ్వలేదు. "చూడండి. ఎండని పట్టి ఇంటికి తెచ్చుకోవడం పుస్తకాల్లో బాగుంటుంది. ప్రతివాడూ డాబా మీద ఒక కరెంటాఫీసు పెట్టుకుంటే స్తంభమెక్కినవాడి గతి ఇదే. పన్నెండుకి నా సంతకం పడుతుంది. సాయంత్రానికి ఊళ్లో పలకలన్నీ దిగుతాయి. పిల్లని పోలీసులకి అప్పగిస్తాం. తీగ తనే తీసిందంటే, సహకరించింది అని రెండు ముక్కలు రాస్తాను."

"బొగ్గు లేదు, నీళ్లు లేవు. ఉన్న ఎండని కూడా దింపేస్తే ఈ ఆడవాళ్లు దేంతో కుట్టాలి?"

"చేత్తో" అన్నాడాయన. వాచీ చూసుకున్నాడు. "పదకొండున్నర దాటాక ఎక్కు. కోత పూర్తిగా కుదురుకోనీ."

పిల్ల తలూపింది. ఆయన లోపలికి పోయాడు.

కోత అంటే చిటికెలో పోయే కరెంటు. అది కుదురుకోవడమేమిటి? మీటరమ్మ ఆ ప్రశ్న పైకి అనలేదు, కొంగున ముడేసుకుంది.

*

పదకొండు కొట్టగానే వీధి ఊపిరి బిగబట్టినట్టయింది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. ఆ తర్వాత ఒకటొకటిగా మూడు కరెంటు ఇంజిన్లు లేచాయి. ఐసు ఫ్యాక్టరీది దడదడ. ఆసుపత్రిది దగ్గు. కరెంటాఫీసు పెరట్లోది సన్నని ఈల. ఈ మూడూ కలిసిన చప్పుడుకి వీధి ఎంత అలవాటు పడిందంటే, అదే ఇక్కడి నిశ్శబ్దం.

ఇస్త్రీ బండి పెద్దాయన మాత్రం ఆగలేదు. షాపు గోడ చాటున నిప్పుల పెట్టెతో చొక్కా రుద్దుతూనే ఉన్నాడు.

"నీకు కోత లేదేం అన్నా?"

"నాది బొగ్గు చెల్లీ. గుప్పెడు చాలు. వాళ్లకే బండ్లకి బండ్లు కావాలి."

"ఆ రోజు ఎన్నింటికి జరిగింది?"

"గడియారం నాకెక్కడిది? కోత మొదలయ్యాక పన్నెండో చొక్కా మీదున్నాను."

"చొక్కాకి ఎంతసేపు?"

"మూడు నిమిషాలు. కాలరు మురికిదైతే నాలుగు."

పదకొండూ ముప్పైయారు. మీటరమ్మ రాసుకుంది. "ఏం విన్నావు? చూసింది వద్దు, విన్నది చెప్పు."

పెద్దాయన పెట్టె పక్కన పెట్టాడు. "పైనుంచి గొలుసుందా అన్నాడు. కిందనుంచి ఉంది అన్నారు. తర్వాత ఫట్‌మని... వద్దులే, ఆ వాసన ఇంకా పోలేదు నాకు."

"ఉంది, చూస్తున్నా అన్నారా?"

"లేదు. ఉంది అన్నారు, అంతే. పొడిగా."

"ఈ మాట ఆయనకి చెప్పలేదా?"

"చెప్పాను. ఇంజిన్ల మోతలో నీకేం వినపడుతుంది ముసలోడా అన్నాడు. పాతికేళ్లుగా ఈ మోతలోనే కదా బేరాలాడుతున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకోటుంది. నవ్వనంటేనే చెబుతా. లోపల దీపం వెలుగుతోంది."

"ఎక్కడ?"

"షాపులో. తాళమేసిన షాపులో, కోత గంటలో. అతను పోయాక మూడు రోజులు లేదు. మొన్న వెలిగింది, నిన్న వెలిగింది. పన్నెండో చొక్కాకే. నా కళ్లతో చూశాను. ఎవరినైనా అడుగు, ఈ వేళకి ఇటు పిల్లాపీచూ రావడం మానేశారు. కూతురి పని సగంలో ఆగిపోయిందని వచ్చి దీపం పెడుతున్నాడంటున్నారు."

మీటరమ్మ నవ్వలేదు. ఆవిడ ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. దయ్యమంటే భయపడి కాదు. దయ్యానికి టైము ఉండదు. దీనికి ఉంది.

*

షాపు తాళాలు రెండు. ఒకటి అధికారి దగ్గరుంది. రెండోది బట్ట కత్తిరించే ఆవిడ దగ్గర మిగిలిపోయింది. అందరూ ఆవిడని కత్తెరక్క అంటారు.

"అడిగితే ఇచ్చేదాన్నే. అడగలేదు, ఇవ్వలేదు" అంది తలుపు తోస్తూ. "నేను మాత్రం లోపలికి రానమ్మా. గుమ్మంలో ఉంటా. అరిస్తే పరిగెత్తుతా."

"ఎటువైపు?"

"అది అప్పుడు చూసుకుందాం."

మీటరమ్మ ముందు మెట్లెక్కి డాబా మీదికి పోయింది. పదకొండూ పద్దెనిమిది. పలకలు ఎండలో నల్లగా నిగనిగలాడుతున్నాయి. పెట్టె నుంచి వీధికి పోయే తీగ కోసేసి ఉంది. కొసకీ పెట్టెకీ మధ్య జానెడు ఖాళీ. కొస మీద లక్క ముద్ర చెక్కుచెదరలేదు. చావు జరిగిన సాయంత్రమే అధికారి వేసిన ముద్ర అది. పలకల కాళ్ల దగ్గర ఒక ఇనుప గొట్టం గోడ వెంట నేలలోకి దిగింది. పిడుగు పడినా మట్టిలోకి పోయేలా పిల్ల పెట్టిన ఏర్పాటు. బిగింపులు ఒక్కొక్కటీ లాగి చూసింది మీటరమ్మ. ఒక్కటీ కదల్లేదు.

పక్కనే లాడ్జి నీళ్ల ట్యాంకు. నీళ్లు పొంగి జారిన చారలు గోడ మీద ఇంకా తడిగా ఉన్నాయి.

"అక్కా, లాడ్జికి ఇంజిను ఉందా?" కిందికి కేకేసింది.

"ఎక్కడిదీ? వాళ్లకి పలకలూ లేవు, ఇంజినూ లేదు. మహారాజుల్లా మధ్యాహ్నం స్నానాలు మాత్రం ఉన్నాయి."

మీటరమ్మ కిందికి దిగి మిషన్ల గదిలోకి వచ్చింది. ఇరవై మిషన్ల మీదా తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. వరసగా తల వంచుకుని కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. మూడో మిషను సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి ఒకటి అలాగే వేలాడుతోంది. గోడకి కరెంటుతో నడిచే పాత గడియారం, ముల్లు ఆగి ఉంది. నూనె వాసన, దుమ్ము వాసన.

దుమ్ములో అడుగులున్నాయి. బూట్లవి. గుమ్మం నుంచి నేరుగా మూలకి పోయి తిరిగొచ్చాయి. డాబా మెట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి, వాటికోసం గదిలోకి రానక్కర్లేదు. ముద్ర వెయ్యడానికి వచ్చిన మనిషికి మూలలో పనేమిటి?

మూలలో బట్టముక్కల గోనెలు మూడు. కత్తెరక్క గుమ్మం నుంచే చెప్పింది, "అవి పిల్లలు కూడా మోస్తారు, అంత తేలిక."

మొదటిది తేలిగ్గా లేచింది. రెండోదీ లేచింది. మూడోది లేవలేదు. మీటరమ్మ చెయ్యి లోపలికి పెట్టింది. మెత్తని ముక్కల మధ్య వేళ్లకి చల్లటి ఇనుము తగిలింది. మూర తర్వాత మూర బయటికి వచ్చింది. కొసన ఉన్న కొక్కేనికి ఒక ఎర్రదారం చుట్టి ఉంది, ప్రతి లైన్‌మన్ తన గొలుసుకి తన గుర్తు పెట్టుకుంటాడు.

"అయ్యో, లైన్‌మన్ అన్నదే" అంది కత్తెరక్క. "ఆ ఎర్రదారం నా దగ్గరే తీసుకున్నాడు."

అంటే గొలుసు వేశాడు. పైకెక్కాక ఎవరో కిందనుంచి తీసేశారు. తీసేసి, ఉంది అన్నారు.

అప్పుడు టిక్కుమంది.

ఇద్దరూ గోడ వైపు చూశారు. ఆగిన గడియారం ముల్లు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. మూడో మిషను మీది తెల్లగుడ్డ కింద ఏదో పసుపుగా మొదలై, నెమ్మదిగా తెల్లబడింది. సగం కుట్టిన చొక్కా చెయ్యి లోపలి నుంచి వెలిగింది, ఎవరో తొడుక్కున్నట్టు.

కత్తెరక్క అరవలేదు, పరిగెత్తలేదు. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "ఆ దీపం... ఆ మిషను స్విచ్చి మొదటి నుంచీ పాడే. కరెంటుంటే వెలగాల్సిందే. కానీ ఇప్పుడు కోత కదమ్మా! పలకల తీగ కోసేశారు కదా!"

"కోసేశారు. అదే ఆయన చేసిన తప్పు. ఆయనే కోసి, ఆయనే ముద్ర వేశాడు. ఇక ఈ దీపం పలకల మీదికి నెట్టలేడు."

పదకొండూ ముప్పైనాలుగు. లాడ్జి వైపు నీళ్ల మోటారు గుర్రుమంటూ లేచింది.

సరిగ్గా అప్పుడే కిటికీ బయట, మనిషి ఎత్తుకి పదడుగుల పైన, ఒక ఆడగొంతు వినిపించింది.

"గొలుసుందా?"

స్తంభం కింద నుంచి పొడిగా జవాబొచ్చింది.

"ఉంది."

గొలుసు మీటరమ్మ చేతుల్లో ఉంది.

*

ఆవిడ కిటికీ రెక్క తోసిన చప్పుడుకి గోడ మీది సున్నం రాలింది. పిల్ల స్తంభం మీద పట్టా బిగించుకుని ఉంది. చెయ్యి తీగకి మూరెడు దూరంలో గాలిలో ఆగి ఉంది. ముట్టుకోలేదు. తల ఒకపక్కకి వంచి, ఇంకా రావాల్సిన రెండో మాట కోసం ఎదురుచూస్తోంది.

"ముట్టుకోకు! దిగు ముందు!"

"పిన్నీ?"

"దిగమంటుంటే! ప్రశ్నలు నేలమీద!"

"ఆవిడ మాటలు పట్టించుకోకు" అన్నాడు కింద నుంచి నల్లద్దాలాయన. "కోత గంట. లైను చచ్చి ఉంది. తీగ లాగెయ్, నేను చెబుతున్నాగా."

పిల్ల ఒకసారి కిందికి, ఒకసారి కిటికీకేసి చూసింది. తర్వాత ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. ఆమె కాలు నేల తాకేదాకా మీటరమ్మ రెప్ప వెయ్యలేదు. తర్వాత డాబా మెట్లు ఈ వయసులో ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. గొలుసు ఒక కొస పిల్ల పాతిన ఇనుప గొట్టానికి కొక్కెం వేసి బిగించింది. రెండో కొస చుట్ట చుట్టి పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చింది. తీగలు చేతికందేంత కింద ఉన్నాయి. ఇస్త్రీ పెద్దాయన బండి వదిలి వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు.

"బాబూ, లైను చచ్చిందన్నారు కదా?"

"చచ్చింది!"

"అయితే ఈ గొలుసు చప్పుడు చెయ్యకుండా పడుతుంది. చూడండి."

విసిరి వదిలేసింది.

పట్టపగలు పిడుగు పడ్డట్టయింది. తీగల మీద నీలిమంట లేచి ఆరిపోయింది. షాపులో దీపం పోయింది, గడియారం ఆగింది, లాడ్జి మోటారు మూలిగి ఊరుకుంది.

ఆ తర్వాత వీధి మొత్తం ఒకటే పని చేసింది. విన్నది.

దడదడ ఉంది. దగ్గు ఉంది.

ఈల లేదు.

ఒక్కొక్క తలా కరెంటాఫీసు పెరటివైపు తిరిగింది. అప్పుడే ఆఫీసు గేటు తీసుకుని ప్యూను పరిగెత్తుకొచ్చాడు, పాపం ఏమీ తెలియనివాడు. "సార్! మీరు చెప్పిన టైముకే లైనుకి స్విచ్చి వేశానండీ, మన ఇంజిను కొట్టుకుని ఆగిపోయింది! లాడ్జి వాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు. అరగంట ఇస్తామన్నారు, ట్యాంకు సగం కూడా నిండలేదు అంటున్నారు!"

నల్లద్దాలాయన గేటు వైపు ఒక అడుగు వేశాడు. ఇస్త్రీ పెద్దాయన నిప్పుల పెట్టెతో ఆ గేటుకి అడ్డంగా నిలబడ్డాడు, చొక్కా కోసం ఎదురుచూస్తున్నట్టు.

"మా నాన్నకి తెలిసిపోయిందా, మీరు లాడ్జికి కరెంటిస్తున్నట్టు?" అంది పిల్ల. ఆమె గొంతు అరుపు కాదు. "పలకలొస్తే లాడ్జి కూడా అవే పెట్టుకుంటుందని మీ భయమా? అదొక్కటి చెప్పండి చాలు. మీరు ఉంది అంటే ఆయన నమ్మాడా?"

డాబా మీద నుంచి మీటరమ్మ చెప్పింది.

"నమ్మలేదమ్మా. రెండో మాట రాలేదని మీ నాన్నకి తెలుసు. కానీ కింద ఉన్నది పై అధికారి. ఇంకోసారి అడగలేకపోయాడు. నువ్వు అడక్కుండానే ఆగావు. ఆ తేడానే ఇవాళ నిన్ను కాపాడింది."

పిల్ల స్తంభానికి వీపు ఆనించి కూర్చుండిపోయింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చింది. కత్తెరక్క పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "నీ బిగింపు ఒక్కటీ వదులు లేదటే" అంటోంది, అదే మాట మళ్లీ మళ్లీ.

చాలాసేపటికి పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. పట్టా మళ్లీ నడుముకి బిగించింది. కోసిన తీగ చూసింది, పలకలు చూసింది. స్తంభం మీద మొదటి మెట్టుకి కాలు పెట్టి, తలెత్తి డాబా వైపు చూసింది.

"గొలుసుందా పిన్నీ?"

మీటరమ్మ పిట్టగోడ దగ్గర నుంచి కదల్లేదు. ఎర్రదారం చుట్టిన కొక్కెం ఎండలో మెరుస్తోంది.

"ఉంది" అంది. "చూస్తున్నా."

*

రాసినది: బొత్తాలత్త. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది పెద్దకూతురి ఇంట్లో, వంటగది పక్క గదిలో. వెలుతురు బాగా వస్తుంది, పగలు దీపం అక్కర్లేదు.